చిలక ముందే అరిచింది

ముసలి కుక్క గంగులు ఆ రోజు కూడా తలుపు దగ్గర నేల తడిపాడు. పంజరంలోని చిలక ఎప్పటిలాగే "తడిపాడు! తడిపాడు!" అని అరిచింది. ఇంటావిడ వీరమ్మ గుడ్డతో తుడుస్తూ, "ఇంకోసారి తడిపావంటే దొడ్లో కట్టేస్తాను" అంది.

ఆమె వెళ్లాక గంగులు తల వంచుకుని, "కావాలని చేస్తానా చిలకమ్మా? తలుపు దాకా వస్తాను, మూసి ఉంటుంది. మొరుగుదామంటే గొంతు లేవదు" అన్నాడు.

చిలకకు ఆ పూట జామపండు సయించలేదు. ఇన్నాళ్లూ తన గొంతు ఎందుకు వాడిందో తలుచుకుంటే సిగ్గేసింది.

మర్నాడు పొద్దున్నే గంగులు కాళ్లీడ్చుకుంటూ లేచాడో లేదో, "తలుపు తియ్యి వీరమ్మా!" అని చిలక ఇల్లదిరేలా అరిచింది. వీరమ్మ పరుగున వచ్చి తీసింది.

గంగులు పెరట్లో పని కానిచ్చుకుని వచ్చి, పంజరం కింద తోక ఊపుతూ నిలబడ్డాడు. చిలక ఏమీ ఎరగనట్టు ఈకలు సర్దుకుంది.