దూరానికి తిప్పితే

"నాన్న కెమెరాని కిందపడేసి లోపలి అద్దం పగలగొట్టినోడికి మళ్లీ కెమెరా ఒకటా?" అన్నాను.

పదేళ్ల తర్వాత నా రిపేరు షాపు గడప తొక్కిన తమ్ముడు, అచ్చం అలాంటిదే పాత కెమెరా బల్ల మీద పెట్టాడు.

"పడెయ్యలేదని అప్పుడే చెప్పాను. తిడితే తిట్టు గానీ, దీనికో లెన్సు చూడన్నయ్యా."

"నీ మొహానికి ఇదే ఎక్కువ!"

సొరుగులోంచి నాన్న కెమెరాకి వాడిన లెన్సే తీశాను. అది వేరే కంపెనీది. కెమెరాకి పట్టడానికి మధ్యలో వేసే రింగుని అప్పట్లో నేనే అరగదీసి చేశాను. ఆ పనితనానికి ఇప్పటికీ మీసం మెలేస్తాను.

బిగించి, ఎదురుగా ఉన్న గోడ గడియారాన్ని ఫోటో తీశాను. బ్రహ్మాండంగా పనిచేసింది.

"చూశావా? చేతనైనవాడి చేతిలో..." అంటూ లెన్సుని దూరానికి తిప్పి, వీధి చివరి స్తంభానికి గురిపెట్టి నొక్కాను.

టక్! లోపలి అద్దం పైకి లేస్తూ లెన్సు వెనక అంచుకి తగిలి పగిలింది. దూరానికి తిప్పితే లెన్సు లోపలికి జరుగుతుంది. రింగు నేను మరీ పల్చగా అరగదీశాను.

"ఆ రోజూ ఇదే చప్పుడు," అన్నాడు తమ్ముడు.

నాకు ఒళ్లు మండింది. "ఆ ముక్క అప్పుడే చెప్పి ఏడవొచ్చు కదరా!"

"చెప్పాను. తలుపు బయట నిలబడి. నువ్వు తియ్యలేదు."