కొనని మనిషి

"ఈ గొర్రె ఎంతమ్మా?"

"మూడున్నర వేలు."

ఆ మనిషి గొర్రె వెన్ను మీద చెయ్యి వేసి మెల్లగా నొక్కి చూశాడు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. పక్క వరుసలోకి వెళ్లిపోయాడు.

ఆమెకు ఒళ్లు మండింది.

మూడు వారాలుగా ఇదే తంతు. ఇస్త్రీ చొక్కా, కళ్లద్దాలు. సంతలో ప్రతి గొర్రె ధరా అడుగుతాడు. ఒక్కటీ కొనడు.

"ఎవడ్రా తమ్ముడూ వీడు?"

"ఏ కసాయి కొట్టు మనిషో అయ్యుంటాడక్కా. ఆ నొక్కుడు చూశావుగా, కండ ఎంతుందో చూస్తున్నాడు."

వాన మొహం చూసి నాలుగు నెలలైంది. బీడులో గడ్డిపోచ లేదు. మేపలేక ఆమె వారానికి ఒకటి రెండు గొర్రెలను సంతకు తోలుకొస్తోంది. ఇరవై మూడున్న మంద పద్నాలుగుకు దిగింది. అందరిదీ అదే పరిస్థితి. సంతలో ఎటు చూసినా గొర్రెలే, కొనేవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది.

నాలుగో వారం అతను మళ్లీ వచ్చాడు.

"ఇంటి దగ్గర ఇంకా ఎన్నున్నాయమ్మా?"

"ఎందుకూ?"

"నీళ్లకు ఎంత దూరం తోలుతున్నారు? మంద వెంట రోజూ ఎవరు వెళ్తారు?"

ఆమె గొర్రె తాడును దగ్గరికి లాక్కుంది. మందను కొట్టేసేవాళ్లు ముందు ఇలాగే కూపీ లాగుతారు.

"అసలు నువ్వెవరో చెప్పు ముందు."

"చెబితే మీరు వేరే ధర చెబుతారమ్మా. అందుకే చెప్పను" అని నవ్వాడు.

ఆ నవ్వు ఆమెకు అస్సలు నచ్చలేదు.

అతను అటు వెళ్లగానే దళారి ఇటు వచ్చాడు.

"వీడు అడుగుపెట్టిన దగ్గర్నుంచే కదూ ధరలు పడిపోతున్నాయి? మన గుట్టంతా పట్నం వ్యాపారులకు చేరవేస్తున్నాడు."

నిజమే. అతను మొదటిసారి వచ్చినప్పుడు నాలుగు వేలు పలికిన గొర్రె ఇప్పుడు మూడు వేలకు దిగింది. అందరూ తలలూపారు.

ఐదో వారం తల్లి గొర్రెను తోలుకొచ్చింది ఆమె. మందలో సగం దాని కడుపున పుట్టినవే. దారి పొడుగునా దాని మొహం చూడకుండా నడిచింది.

దాన్ని చూడగానే ఆ మనిషి మొహం మారిపోయింది.

"దీన్ని కూడా అమ్మేస్తున్నారా?"

"నీకెందుకు?"

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఇంకొక్క రెండు వారాలు ఆగగలరా అమ్మా?"

"ఆగితే ఏమవుతుంది?"

"మాటివ్వలేను. ఆగగలిగితే ఆగండి."

ఆమె గొంతు సంతంతా వినిపించింది.

"విన్నారా! రెండు వారాలు మనల్ని ఆపి, పదిహేను వందలకు కొట్టేద్దామని వీడి ఎత్తు!"

జనం మూగారు. తమ్ముడు అతని కాలరు పట్టుకున్నాడు. ఎవరో వెనక నుంచి తోశారు. పుస్తకం పెంటలో పడింది. అతను వంగి తీసుకుని, ఒక్కొక్క పేజీని చొక్కా అంచుతో తుడుచుకుని వెళ్లిపోయాడు.

తల్లి గొర్రెను దళారి రెండు వేల రెండు వందలకు తీసుకున్నాడు.

మర్నాడు పశువుల ఆఫీసుకు అర్జీ వెళ్లింది. సంతలో అనుమానాస్పద మనిషి తిరుగుతున్నాడని ముప్ఫై మంది సంతకాలు పెట్టారు. అందరికంటే ముందు పెట్టింది ఆమే.

తర్వాతి వారం అతను రాలేదు.

"పీడ వదిలిందక్కా!" అన్నాడు తమ్ముడు.

ధర మాత్రం ఆ రోజు రెండు వేలకు పడింది. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఆ పై వారం సంత మైదానంలోకి మూడు లారీలు వచ్చాయి. ఎండుగడ్డి, దాణా. వెనకే నీళ్ల ట్యాంకరు. పశువుల డాక్టరమ్మ చెట్టు నీడన బల్ల వేయించి కూర్చుంది.

"వానలు పడేదాకా మేత ఉచితం. ఒక్కొక్కరూ వచ్చి మంద లెక్క చెప్పండి."

ఆమె వంతు వచ్చింది.

"ఎన్నున్నాయమ్మా?"

"తొమ్మిది" అంది. తల్లి గొర్రెను అమ్మి సరిగ్గా రెండు వారాలు.

"ఇన్నాళ్లూ ఒక్క ఆఫీసరూ ఇటు తొంగిచూడలేదు. ఇప్పుడెలా తెలిసింది డాక్టరమ్మా?"

"నిజం చెప్పాలంటే మా కాగితాల్లో మీకు కరువే లేదమ్మా. వాన కొలిచేది పట్నంలో. అక్కడ బాగానే పడింది. ఉపగ్రహం ఫొటోల్లో మీ బీళ్లు పచ్చగానే ఉన్నాయి."

"అవి ముళ్లకంపలు తల్లీ! గొర్రె మూతి కూడా పెట్టదు."

"మీ సంత నుంచి మాకు ధరలు పంపే మనిషి కూడా అదే రాశారు. ఆకాశాన్ని కాదు, సంతను చూడండి అని వారం వారం పోట్లాడారు. చివరిసారి, 'తల్లి గొర్రెలను అమ్ముకుంటున్నారు, ఇక ఆలస్యం చేయకండి' అని రాశారు. దాంతో పైవాళ్లు కదిలారు."

తమ్ముడు తల దించుకున్నాడు.

"ఆయన... రాలేదే?" అంది ఆమె.

"ఆయన మీద ఈ సంత నుంచే అర్జీ వచ్చింది. విచారించాం, ఏ తప్పూ లేదు. మళ్లీ వెళ్లమంటే ఒప్పుకోలేదు. నన్ను నమ్మనివాళ్లు నాకు నిజం ధర చెప్పరు, ఇంకొకరిని పంపండి అన్నారు."

ఆమె బల్ల అంచు పట్టుకుంది.

"పట్నం ఆఫీసరా ఆయన?"

డాక్టరమ్మ చీటీ రాస్తూ తల ఎత్తకుండానే చెప్పింది.

"ఆఫీసరేమిటమ్మా, పోయిన కరువులో తన ఊరి గురించి రాసి పంపే దిక్కు లేక, మేత అందక, నూట నలభై గొర్రెలను పోగొట్టుకున్న కాపరి ఆయన."