గడ్డివాములో యంత్రం

"నా గుండెల మిషన్ పెట్టనియ్య. పెట్టనియ్యనంటే పెట్టనియ్య!" అని గిరిజమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

రాయచూరు దవాఖానాలో ఆ వార్డంతా ఆమె గొంతు వినబడింది. గుండె కొట్టుకోవడం నెమ్మదించి వంటింట్లో రెండుసార్లు పడిపోయిన మనిషి గొంతులా లేదది. డాక్టరు ఆమె తమ్ముడు సూగప్పను పక్కకు పిలిచి, "ఇంకోసారి పడితే లేవకపోవచ్చు. పేస్‌మేకర్ తప్పదు. మీ అక్కగారిని మీరే ఒప్పించాలి" అని చెప్పి వెళ్లిపోయాడు.

ఒప్పించడం సూగప్పకు కొత్త పని కాదు. బావిలో మోటారు దించితే గంగమ్మకు కోపమొస్తుందని వాదించిన రైతులకు కూడా పంపులు అమ్మినవాడు. కుడికాలికి ఇనుప పట్టీల బూటు తొడుక్కుని, యరగేర నుంచి సిరవార దాకా ఆయన తిరగని పొలం లేదు. అక్క దగ్గర మాత్రం ఆయన మాట చెల్లదు. ఆయన కొనిచ్చిన మిక్సీ అట్టపెట్టెలోనే ఉంది, ఆమె ఇప్పటికీ రోట్లోనే రుబ్బుతుంది. లిఫ్టు ఎక్కదు. ఫోను మోగితే కూతురు నేత్రను కేకేసి తీయమంటుంది.

"మామా, నువ్వే ఏమన్న చెప్పు. నా మాటైతే ఇనదు" అంది నేత్ర.

సూగప్ప స్టూలు లాక్కుని అక్క ముఖం కనబడేటట్టు కూర్చున్నాడు.

"అక్కా, మన బడిల టీవీ యాదికున్నదా?"

గిరిజమ్మ కళ్లు తెరిచింది. "ఇప్పుడు ఆ ముచ్చటెందుకురా?"

"గడ్డివాము కథ యాదికున్నదా లేదా?"

సూగప్ప మేనకోడలి వైపు తిరిగాడు. యాభై ఏళ్ల కిందట వాళ్లు యరగేరలో ఉన్నప్పుడు బడికి సర్కారు టీవీ వచ్చింది. అందులో వారానికోసారి పిల్లల కోసం కన్నడంలో ఒక సీరియల్ వేసేవాళ్లు. అప్పటికే పోలియోతో కాలు పడిపోయిన సూగప్ప మంచం దిగేవాడు కాదు. అక్క బడిలో చూసి, పరుగున ఇంటికొచ్చి, ఒక్క ముక్క వదలకుండా చెప్పేది.

"ఏం కథ మామా?"

"ఒక ఊరి జనానికి ఉన్నట్టుండి మిషన్లంటే పగ పుడతది. రేడియోలు, కుట్టుమిషన్లు, సైకిళ్లు, అన్నీ బజార్లకు గుంజుకొచ్చి రాళ్లతోని కొడతరు. ఎందుకు కొడుతున్నరో వాళ్లకే తెల్వదు. ఆ పగ ఒక్క పిల్లకు మాత్రం అంటదు. ఆ పిల్ల నీళ్లు తోడే మిషన్‌ను గడ్డివాముల దాచిపెడతది. వారం వారం జనం దగ్గరికొస్తుంటరు. నాకైతే వారమంతా అదే పరేశాన్, ఆ పిల్ల ఏమైతదో అని."

"ఆఖరుకు ఏమైంది?"

"ఆఖరి వారం మీ అమ్మ శానా ఆలస్యంగ వచ్చింది. ఏమైందక్కా అంటే జర సేపు నోరే తెరవలే. తర్వాత చెప్పింది. జనమంతా రాళ్లు పట్టుకొని గడ్డివామును చుట్టుముట్టిన్రంట. ఆ పిల్ల మిషన్‌ను గుండెకు కరుచుకొని బయటికొచ్చి, 'మనం చేయిస్తే చేస్తది, ఆపితే ఆగుతది. దీన్ని చూసి భయమెందుకు?' అని అడిగిందంట. ఒక్కొక్కరే రాళ్లు కింద పడేసిన్రంట."

సూగప్ప వంగి తన బూటు మీద తట్టాడు.

"అంతకుముందు ఈ ఇనుప పట్టీలు చూస్తేనే ఏడ్సేటోన్ని నేత్రా. అమ్మ బతిమాలింది, నాయిన కొట్టిండు, నేను ముట్టుకోలే. ఆ కథ ఇన్న మర్నాడు నేనే అడిగి తొడిగిచ్చుకున్న."

మళ్లీ అక్క వైపు తిరిగాడు. "గంత కథ చెప్పి నన్ను నడిపిచ్చినదానివి, నువ్వే గిట్ల జిద్దు చేస్తే ఎట్లక్కా? ఆ కథ చూసిన మనిషికి మిక్సీ అంటే భయం, లిఫ్టంటే భయం. నాకు ఇప్పటికీ సమజ్ కాదు. ఇది అగ్గిపెట్టె కంటె చిన్నది. గుండెకు కరుచుకోవాలె, అంతే."

గిరిజమ్మ చాలాసేపు తమ్ముడి కాలినే చూసింది.

"ఆ కథను అంత నమ్మినవారా?"

"నమ్మకుంటే నడుస్తుంటినా?"

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తర్వాత గొంతు సవరించుకుని, "నేత్రా, డాక్టరును పిల్వు" అంది.

మరునాడు ఆపరేషన్ సాఫీగా జరిగిపోయింది. మధ్యాహ్నానికి గిరిజమ్మ ముఖంలో కళ తిరిగి వచ్చింది. ఆకలేస్తోందని గట్టిగానే అడిగితే, డాక్టరు సరేనన్నాక నేత్ర ఉప్పిట్టు తేవడానికి కిందికి వెళ్లింది.

"టకటకమంటదనుకున్న. సప్పుడే లేదు కదరా!" అంది గిరిజమ్మ, భుజం కింద కట్టును మెల్లగా తడిమి.

సూగప్ప గర్వంగా నవ్వాడు. "నేను చెప్పలేదా? ఆ పిల్ల గుండెధైర్యం నీకు ఇన్నేండ్లకు వచ్చింది."

గిరిజమ్మ కూడా నవ్వింది. చెయ్యి చాపి తమ్ముడి మణికట్టు పట్టుకుంది.

"నిన్న అడిగినవు కదా, ఆ కథ చూసి గూడ నాకెందుకింత భయమని."

"ఎందుకక్కా?"

"టీవీల ఆఖరుకు ఆ పిల్ల గూడ రాయి ఎత్తిందిరా."