బెంచీ మీద ఇద్దరు

బల్ల మీద అట్టతో కట్టిన చెరువుగట్టు నమూనాలో నీలిరంగు ఆరకముందే, మంగళవారం మధ్యాహ్నం, ఆ నమూనాలు చేసే పెద్దాయన భార్య పోయింది. మూడు వారాలకు మున్సిపల్ ఇంజనీరమ్మ వచ్చింది.

"బాబాయ్‌గారూ, అడగడానికి నోరు రావడం లేదు. రేపే బిల్డర్లొస్తున్నారు. మన చిన్న ఊరికి వాళ్లు రావడమే గొప్ప. నమూనాలో ఇళ్లు, కొట్లు, ఆఫీసులు అన్నీ పెట్టారు గానీ నరమానవుడు లేడు. ఇలా చూస్తే ఆ స్థలం ఎవరు తీసుకుంటారు?"

"గోడలు నావి, మనుషులు మీ పిన్నివి తల్లీ. నలభై ఏళ్లుగా అంతే." ఆయన తన భార్య బొమ్మల డబ్బా తెచ్చి ముందు పెట్టాడు. మూత మాత్రం తీయలేదు.

ఇంజనీరమ్మ నమూనాలో నీటి అంచున వేలు పెట్టింది. "ప్లానులో ఇక్కడ బెంచీ లేదే?"

"పోయే ముందురోజు అతికించింది. 'కళ్లు కనబడట్లేదా, అది పడవల రేవు' అని కసిరాను. నవ్వి ఊరుకుంది."

ఇంజనీరమ్మే మూత తీసింది. రంగులు వేసిన గోరంత మనుషులు. ఒక మూల, దూదిలో విడిగా, పక్కపక్కన కూర్చున్న ఇద్దరు. మగమనిషికి కళ్లజోడు, చెవి వెనక పెన్సిలు.

పెద్దాయన చేయి తన చెవి మీదికి వెళ్లింది. పెన్సిలు అక్కడే ఉంది.

"బెంచీ ఉండనీండి బాబాయ్. రేవు సంగతి నేను చెప్పుకుంటాను."

సాయంత్రానికి అట్ట కొట్ల ముందూ మెట్ల మీదా జనం నిండారు. బెంచీ మీద ఆ ఇద్దరినీ అతికించడం ఇంకా మిగిలే ఉంది.