నాటకం లేని ఫొటో

రేవులో దిగగానే మొదటి ఇంటి కిటికీలోంచి శవపేటిక కనిపించింది. ఫొటోగ్రాఫర్ ఫెర్మీన్‌కి ప్రాణం లేచొచ్చింది.

"నీ ఫొటోలన్నీ నాటకాలు. ఈసారి నిజం తీసుకురా, లేకపోతే ఉద్యోగానికి రాకు" అని లిమాలో ఎడిటర్ మొహం మీదే చెప్పాడు. పాపం ఫెర్మీన్ ఉకయాలి నది పొడుగునా పడవలో తిరిగాడు. కెమెరా కనబడితే చాలు, జనం జుట్టు దువ్వుకుని కొయ్యబొమ్మల్లా నిలబడేవాళ్ళు. చావింట్లో ఎవరు నటిస్తారు?

లోపల పేటికలో ఇంటి యజమాని కాసిమీరో. నున్నగా గడ్డం గీసి, కోటు తొడిగారు. పక్కనే నల్లబట్టల్లో భార్య డెల్ఫీనా. చుట్టాలు కర్రపెండలం కల్లు తాగుతున్నారు.

ఒక ఫొటో తీసుకోవచ్చా అని నసిగాడు ఫెర్మీన్.

"దానికేం బాబూ! నీలాంటివాడి కోసమే కాచుక్కూచున్నాం" అంది డెల్ఫీనా, కాసిమీరో ముక్కు మీది ఈగను కంగారుగా తోలుతూ.

"నన్ను పట్టించుకోకండమ్మా. నేనిక్కడ లేననుకోండి. నాక్కావలసింది నిజం."

అంటూనే కొవ్వొత్తులు జరిపించాడు. పేటికను వెలుతురులోకి తిప్పించాడు. మరీ లావుగా ఉందని ఒక మేనత్తను బయటికి పంపేశాడు. అంతా కుదిరింది కానీ, డెల్ఫీనా కళ్ళు పొడిగా ఉన్నాయి.

"కాస్త ఏడవండమ్మా."

"రావట్లేదు బాబూ. ఈ మనిషి మొహం చూస్తుంటే నవ్వొస్తోంది."

"ఆయన మీకు చేసిన మంచి ఏదైనా తలుచుకోండి."

ఆమె చాలాసేపు ఆలోచించింది. "ఇంకేదైనా చెప్పు" అంది.

చుట్టాలు కిసుక్కుమన్నారు. ఇక ఉద్యోగం ఊడినట్టే అనుకున్నాడు ఫెర్మీన్. ఆమె పక్కన చతికిలబడ్డాడు.

"రేపు పొద్దున్నే లేచి, అలవాటుకొద్దీ ఇద్దరికీ కాఫీ కాస్తారు. ఆ రెండో కప్పు ఎవరికిస్తారమ్మా?"

డెల్ఫీనా పేటిక వైపు చూసింది. పెదవులు అదిరాయి.

"చక్కెర చాల్లేదని నా మీద అరిచేవాడైనా ఉండడు కదరా దేవుడా!" అని పేటిక మీద పడి బావురుమంది.

కడుపులోంచి తన్నుకొచ్చిన ఏడుపు అది. చుట్టాలు నవ్వు మరిచిపోయి కళ్ళొత్తుకున్నారు. ఫెర్మీన్ గబగబా కెమెరా నొక్కాడు. దీన్ని నాటకమని ఏ ఎడిటరూ అనలేడు.

"తీయడం అయిందా బాబూ? నిజంగా పోయిన రోజున ఈ నది మీద ఫొటోలవాడు దొరకొద్దూ? లేవే డెల్ఫీనా, ఇప్పుడు నువ్వు పడుకో, నేనేడుస్తాను" అంటూ కాసిమీరో పేటికలోంచి లేచి కూర్చున్నాడు.