కుంటాయన చూపు

"అమ్మా, ఆ కుంటాయన ఇయ్యాల గూడ వచ్చిండే."

సంతోష్ బూట్లు విప్పుతూ మామూలుగానే అన్నాడు. ఎంకమ్మ గుండె మాత్రం గుభేలుమంది.

"ఏమన్నడు?"

"ఏమనలే. గోడ పొంటి నిలవడి నేను ఉరుకుతుంటె నా కాళ్లే చూస్తున్నడు."

కాళ్లట! నారాయణగూడ గ్రౌండులో చూడడానికి ఇంకేమీ లేనట్టు, ఈ పిల్లాడి కాళ్లే కావలసి వచ్చాయా ఆ మహానుభావుడికి?

ఆ ఇంటికున్న ఆస్తల్లా ఆ రెండు కాళ్లే మరి. పాలమూరు నుంచి బతకవచ్చిన చెన్నయ్య సెంట్రింగ్ మీది నుంచి పడి, నడుం విరిగి మంచం పట్టాడు. ఎంకమ్మ అశోక్‌నగర్‌లో లేస్తున్న అపార్ట్‌మెంట్లకు తట్టలు మోస్తోంది. చిక్కడపల్లి బస్తీలో ఒక్క గది కిరాయి ఇల్లు.

అలాంటి ఇంట్లో పుట్టి, తొంభై ఆరులో, పందొమ్మిదేళ్లకే పెద్ద కంపెనీ ఫుట్‌బాల్ జట్టులో నౌకరీ తెచ్చుకున్నాడు సంతోష్. బంతి తన్నితే నెల జీతమా అని బస్తీ బస్తీ అంతా ముక్కున వేలేసుకుంది.

అప్పటి నుంచే ఎంకమ్మకు దిష్టి భయం పట్టుకుంది. ఒక నడుం విరిగితే ఇల్లెట్లా కూలుతుందో చూసిన మనిషి ఆమె.

ఆ పొద్దు కొడుకు పళ్లు బిగబట్టి మేజోడు లాగడం చూసింది. కుడి మోకాలు ఉబ్బి ఉంది.

"ఏందిరా ఇది?"

"ఏం లేదే. దవాఖాన గివాఖాన అని ఎవ్వలకు చెప్పకు. కంపెనీల తెలిస్తే తీసి పారేస్తరు."

వాడి భయం వాడిది. ఆమె భయం ఆమెది.

ఉప్పూ ఎండుమిరపకాయలూ కొడుకు చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. మిరపకాయలు మాడి బొగ్గయ్యాయి గానీ ఘాటు రాలేదు. ఇంట్లో ఎవరూ దగ్గలేదు.

అమ్మో, ఎంత దిష్టి!

"ఆ కుంటోని కండ్లేరా! వాని కాలు పోయింది. నీ కాళ్లు చూసి ఓర్వలేకున్నడు."

"ఆయనెవరో, ఏం పనో అడుగరాదే" అన్నాడు మంచం మీంచి చెన్నయ్య.

వింటేగా!

ఆ వారంలోనే ఆ మనిషి ఏకంగా ఇంటికే వచ్చాడు. ముప్పై దాటి ఉండవు. కుడికాలు ఈడుస్తూ వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాడు. చేతిలో కాగితం పొట్లం.

"ఇది సంతోష్ ఇల్లేనా అక్కా?"

"వాడు లేడు. ఏం పని?"

"నీతోనే పని. తమ్ముని కుడి మోకాలు..."

మోకాలి సంగతి ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. వీడికెట్లా తెలిసింది? దిష్టి పెట్టినవాడికి గాక ఇంకెవరికి తెలుస్తుంది?

చీపురు అందుకుంది.

"నా బిడ్డ కాళ్లే దొరికినయా నీ కండ్లకు? నడువ్!"

"అక్కా, జర నా మాట ఇను. గిది కంపెనీల చెప్పే ముచ్చట గాదు, అందుకే ఇంటికొచ్చిన..."

"కంపెనీల చెప్తనని బెదిరిస్తున్నవా?"

చీపురు అతని భుజం మీద పడింది. ఇరుగూ పొరుగూ గుమ్మాల్లోకి వచ్చి చూశారు. అతను చెయ్యయినా అడ్డం పెట్టుకోలేదు. పొట్లం గడప మీద పెట్టాడు.

"ఇది తొడుక్కొమ్మను. ఆదివారం మ్యాచ్ ఆడొద్దను. ఒక్క నెల కాలుకు ఆరాం ఇస్తే మంచిగైతది."

కాలు ఈడ్చుకుంటూ వెళ్లిపోయాడు.

పొట్లంలో మోకాలికి తొడుక్కునే పట్టీ ఉంది. వాడిన పట్టీ, చెమట మరకలు కూడా పోలేదు. కుంటివాడు విప్పింది నా బిడ్డ కాలికా! ఎంకమ్మ దాన్ని చేత్తో ముట్టకుండా పుల్లతో ఎత్తి, నిమ్మకాయతో పాటు చౌరస్తాలో పడేసి, వెనక్కి చూడకుండా వచ్చేసింది. కొడుక్కి ఒక్క ముక్క చెప్పలేదు, చెన్నయ్యనూ చెప్పనివ్వలేదు. చెబితే వాడి మనసులో కూడా భయం దూరుతుందని.

ఆదివారం సంతోష్ ఆడాడు. ఎవరూ తన్నలేదు, ఎవరూ తోయలేదు. బంతి కోసం గాల్లోకి ఎగిరి కుడికాలి మీద దిగాడు. మళ్లీ లేవలేదు.

మోకాలి లోపల నరం తెగిందన్నాడు డాక్టరు. నడుస్తాడు గానీ ఇక ఆడలేడన్నాడు.

జట్టు మేనేజర్ సుందరరావు దవాఖానకు వచ్చాడు. ఎంకమ్మ ఆయన చేతులు పట్టుకుని బావురుమంది.

"దిష్టి సారూ! ఒక కుంటోడు రోజూ గ్రౌండు కాడ నిలవడి చూసిండు. ఇంటిదాక వచ్చిండు, చీపురు తిరిగేసిన!"

సుందరరావు ముఖం పాలిపోయింది.

"కుడికాలు ఈడుస్తడా?"

"అవు సారూ."

"అయ్యో తల్లీ, ఆయన మాసయ్య. మా జట్టుల ఆడినోడే. గిట్లనే మోకాలు వాపు దాచిపెట్టి, ఆడి ఆడి కాలు పోగొట్టుకున్నడు. నీ కొడుకు దిగే తీరు చూసి పసిగట్టి ఉంటడు."

చౌరస్తాలో పడేసిన పట్టీ ఎంకమ్మ కళ్లముందు కదిలింది.

"ఇప్పుడు యాడున్నడు సారూ? కాళ్ల మీద పడత."

"తెల్వదమ్మా. మొన్ననే రూము ఖాళీ చేసి ఊరికి పోయిండట. ఆ ఊరేదో ఎవరికీ తెల్వది."

"మీ ఆఫీసుల లేడా?"

"కాలు పోయినప్పుడే ఆఫీసుల కూసోని పని చేసుకో, జీతం వస్తదన్నం. వద్దన్నడు." సుందరరావు మంచం మీది సంతోష్‌ను చూశాడు. "నేను పోతేనే ఆటగాళ్ల నౌకరి ఒకటి ఖాళీ అయితది, నారాయణగూడ గ్రౌండుల పొద్దుగాల ఒక పిలగాడు ఉరుకుతుంటడు, నా నౌకరి వానికియ్యుండ్రి అని అప్పుడే రాజీనామా ఇచ్చిండమ్మా."