పొరుగువారి ఒప్పుదల

నూకరత్నం చాప మీద నెత్తళ్ళు ఆరబోసినప్పుడల్లా పెరటి మూలనున్న హద్దురాయి అరిచేది: "ఈ స్థలంలో చేపలు ఎండబెట్టరాదు." చాప ఎత్తేదాకా ఇంటికి కరెంటు రానిచ్చేది కాదు. అప్పటికి రిజిస్టరైన ప్రతి నేలకూ ఇలాంటి రాయి వచ్చేసింది. దస్తావేజులో ఏ షరతుంటే దానికి అదే కాపలా. కంపు కొడుతుందని పెరటి అవతల సముద్రం వైపు విల్లాల వాళ్ళు వెనకటికెప్పుడో రాయించుకున్న షరతిది.

తీసెయ్యమని ఆమె అర్జీ పెడితే రిజిస్ట్రేషన్ ఆఫీసు నుంచి కామేశం వచ్చాడు.

"పొరుగు స్థలం వాళ్ళు వచ్చి రాయిని ముట్టుకుంటే చాలమ్మా, షరతు పోతుంది."

"ఏ పొరుగోల్లు బాబూ? విల్లాలన్నీ సముద్రం మింగీసింది గదా! ఇప్పుడది గంగమ్మ తల్లి జాగా."

కామేశం తల గోక్కుని, పొరుగువారి పేరు దగ్గర 'సముద్రం' అని ఎక్కించి వెళ్ళిపోయాడు.

నూకరత్నం ఒడ్డుకు వెళ్ళి పసుపూ కుంకుమా చల్లింది. ఇంటి మీదికి రావద్దని ఏటా మొక్కే నోటితోనే, "తల్లీ, ఒక్కపాలొచ్చి ఒప్పుకుని ఎల్లిపో" అని మొక్కింది.

పున్నమి పోటుకు ఒక అల దడి దాటి వచ్చి రాయిని తడిపింది.

"పొరుగువారు వచ్చారు, ఒప్పుకున్నారు. షరతు తొలగింది," అంది రాయి.

నూకరత్నం సంబరపడిపోయి పెరడంతా నెత్తళ్ళు పరిచింది.

మర్నాడు ఆమె చేపలు తిరగేస్తుంటే రాయి మళ్ళీ పలికింది: "పొరుగువారు వచ్చారు."

నూకరత్నం చాపల్ని గుమ్మం దాకా వెనక్కి లాక్కుంది.